పది శుక్రవారాల అంకెలు

మహబూబాబాద్,
13-9-1986, శనివారం.

గౌరవనీయులైన మధుకర్ సార్‌కు,

సునంద నమస్కారాలు. మీ అక్కయ్య సరోజనక్కకు కూడా చెప్పండి. ఇక్కడ అందరం క్షేమమని రాయబోయి ఆగాను. అందరం అనడానికి ఈ గదిలో నేనొక్కదాన్నే. కాబట్టి, నేను క్షేమం.

మీ ఉత్తరం నిన్న బడికి వచ్చింది. స్టాఫ్ రూంలో విప్పలేదు. ఖాళీ పీరియడ్‌లో, పిల్లలంతా ఆటలకు పోయిన తొమ్మిదో తరగతి గదిలో వెనక బెంచీ మీద కూర్చుని చదివాను. మీరు బదిలీ మీద పోయిన రేగొండ బడిలో ఒక్క మ్యాపు కూడా లేదని, మీరే గోడ మీద బొగ్గుతో గోదావరిని గీస్తే హెడ్‌మాస్టరు సున్నం వేయించాడని రాశారు. నవ్వొచ్చింది. రెండో పేజీకి వచ్చేసరికి ఆ నవ్వు పోయింది.

దంతాలపల్లిలో అక్క పొలం అమ్మగా వచ్చిన పదహారు వేలు సోమవారం హనుమకొండ తీసుకుపోయి, షేర్లు కొనిపెట్టే మనిషి చేతిలో పెడతానన్నారు. మీరు మాట్లాడినట్లే రాశారు: "పది వారాల సంది నా ముప్పై కంపెనీలు ఒక్కసారి గూడ కిందికి సూడలే టీచర్. అరవైతొమ్మిదిల తెలంగాణ ఉద్యమంల జనగామల సదువు ఏడాది పోయింది. గప్పటి సంది అన్నీ పోవుడే. ఒక్కసారన్న వచ్చుడు సూస్త." అక్కను అడిగితే, "నువ్వు సదువుకున్నోనివి తమ్మీ, నాకేమెరుక, నీకు మంచిగనిపిస్తే చెయ్" అన్నదట.

సార్, దయచేసి వెళ్లకండి.

ఇది మనం ఎలా మొదలుపెట్టామో గుర్తు చేసుకోండి. ఈ జనవరిలో, పత్తి వ్యాపారి కాటమయ్య గారు తాను చదివి లైబ్రరీకి ఇచ్చే ఇంగ్లీషు వ్యాపార పత్రికలో మీరు ఒక వార్త చూపించారు. బొంబాయి మార్కెట్‌వాళ్లు ముప్పై పెద్ద కంపెనీల షేర్ల ధరలను కలిపి ఒకే అంకెగా చెప్పే కొత్త సూచీ మొదలుపెట్టారని. పత్రికవాళ్ల సొంత సూచీ ఒకటి అంతకుముందు నుంచే ఉంది, అందులో చాలా కంపెనీలు. "కొత్తది నాది, పాతది మీది, ఏది ముందుకురుకుతదో సూద్దాం" అన్నారు. మన ఇద్దరి దగ్గరా ఒక్క షేరు కూడా లేదు. సాంఘికశాస్త్రం సారూ లెక్కల టీచరూ శుక్రవారం ముగింపు అంకెలు ముందేసుకుని శనివారం సాయంత్రం గంటసేపు కూర్చోవడానికి అదొక సాకు.

మొదటి వారం మీ సూచీ ఎక్కువ పాయింట్లు పెరిగిందని బల్ల గుద్దారు. రెండూ మొదలైన సంవత్సరాలు వేరు, పాయింట్లు పోల్చకూడదు, మొదటి శుక్రవారాన్ని రెండింటికీ నూరు అనుకుని చూడాలని నేను పట్టిక గీశాను. మీరు కాసేపు చూసి, "గట్లయితే నేను గెలువలేదన్నట్టు" అన్నారు. లైబ్రరీ ఊడ్చే యాకమ్మ కూడా నవ్వింది.

బడ్జెట్ రోజుల్లో మీ ముప్పై కంపెనీలు ఎగిరిపడ్డాయి, ఆరు వారాల్లో మళ్లీ దిగాయి. నా పాత సూచీ నెమ్మదిగా ఎక్కి నెమ్మదిగా దిగింది. ఆ పట్టిక మీ దగ్గర ఉంటే తీసి చూడండి. మార్చిలో చూసినవాడు కొత్తదే గొప్పదంటాడు, మేలో చూసినవాడు పాతదే నయమంటాడు. ఇద్దరూ చూసింది కొద్ది వారాలే. ఒక వాన పడితే చెరువు నిండిందనుకుని నాటు వేయరు కదా. నేను రాసి పంపిన పది శుక్రవారాల అంకెలను నమ్మి, మీరు తప్ప ముందూ వెనకా ఎవరూ లేని అక్కకున్న ఒక్క ఆధారాన్ని తీసుకుపోవద్దు.

ఇక్కడి సంగతులు: మీ స్థానంలో ఇంకా ఎవరూ రాలేదు. మీ క్లాసులు నాకే ఇచ్చారు. నేను అక్బరు తర్వాత ఔరంగజేబును చెప్పేస్తే పిల్లలే ఆపారు. నా గది కిటికీ రైలుపట్టాల వైపే కాబట్టి, ఏ బండి ఎంత ఆలస్యమో నాకు తెలుస్తుంది. దానివల్ల ఎవరికీ ఉపయోగం లేదు. శనివారాలు లైబ్రరీకి పోతున్నాను. మనం కూర్చునే బల్ల దగ్గర ఇప్పుడు పోటీ పరీక్షల వాళ్లు కూర్చుంటున్నారు.

అక్క డబ్బు బ్యాంకులోనే ఉంచండి. అంతే నా మనవి.

ఇట్లు,
సునంద

తా.క. సంతకం పెట్టి గంటయింది. కవరు అంటించలేకపోయాను.

మీరు రేగొండ పోయి నెల తిరగకముందే కాటమయ్య గారు ఆ పత్రిక మానేశారు. అడగడానికి దుకాణానికి పోయాను. "బంద్ జేసిన టీచరమ్మా. మీరిద్దరు దప్ప గది ఎవలు సదివిన్రు? ఇప్పుడు సారు గూడ లేకపాయె" అన్నారు. ఇంటికొచ్చి మీకు ఆ మాటే రాద్దామని కూర్చున్నాను. కానీ అంకెలు లేకపోతే, ప్రతి శనివారం మీకు ఉత్తరం ఏమని రాయాలి? మీరు ప్రతి బుధవారం ఎందుకు జవాబిస్తారు?

జూలై నాలుగు నుంచి నేను పంపిన పది శుక్రవారాల అంకెలూ నేను కల్పించినవే. నిజంగా ఏ సూచీ ఎక్కిందో, ఏది దిగిందో నాకు తెలియదు. మీరు సంతోషంగా జవాబు రాస్తారని ప్రతివారం మీ సూచీనే గెలిపించాను. ఆగస్టు పదిహేను శుక్రవారానికి కూడా అంకె పంపాను. ఆ రోజు దేశమంతా సెలవు, మార్కెట్టే తెరవరు. పోస్టులో వేశాక గుర్తొచ్చి భయపడ్డాను. మీరు పట్టుకుంటే ఈ అబద్ధం నుంచి బయటపడతానని ఆశ కూడా పడ్డాను. మీరు పట్టుకోలేదు. నన్ను నమ్మారు.

ఇది పోస్టులో వేస్తే సోమవారం లోపు అందదు. అందుకే రేపు మొదటి బండికి వరంగల్ వచ్చి, అక్కడి నుంచి బస్సులో నేనే తెస్తున్నాను. నోటితో చెప్పే ధైర్యం లేదు. మీరు ఈ వాక్యం దగ్గరికి వచ్చేసరికి నేను మీ వాకిట్లో నిలబడి ఉంటాను. చదివాక కోపమొస్తే తలుపు వేసుకోండి, ఏమీ అనుకోను. అక్కతో మాత్రం నన్నే చెప్పనివ్వండి.