తడి ఊక

ఆదివారం, 11 ఆగస్టు 1968

పాకలో ఊక మీద ఎరుపు. అన్నయ్య కిళ్ళీ ఉమ్మి అనుకుని ముందు వాడినే తిట్టుకున్నాను. వంగి చూస్తే రెట్ట. రక్తం. మూలన రెండు కోడిపిల్లలు ఈకలు రేపుకుని, కళ్ళు మూసుకుని, చలికి ముడుచుకున్న ముసలాళ్ళలా నిలబడి ఉన్నాయి. ఇంకోటి అప్పటికే బిగుసుకుపోయింది.

అన్నయ్య గుమ్మంలోంచే — "గౌర్మెంటు కోళ్ళు కదే. రిటైరైపోతన్నాయి."

ఎందుకు నవ్వడు! గవర్నమెంటు స్కీములో తెచ్చుకున్న ఈ పిల్లలు పెరిగి గుడ్డు పెడితే పాక నాది, ఆ గుడ్లమ్ముకుని విజయనగరంలో బీ.ఈడీ. చదువుకోమన్నారు నాన్న. చస్తే పాక అన్నయ్య ఎరువుల బస్తాలకి. ఇప్పటికే రెండు బస్తాలు తెచ్చి గోడకి ఆనించాడు. పాడె ముందుగా కట్టుకున్నట్టు.

సోమవారం, 12

చచ్చినదాన్ని గుడ్డలో చుట్టుకుని నరసన్నపేట. బస్సులో పక్కావిడ "ఏటి పిల్లా, ఎండుసేపలా?" అంది. అవునన్నాను.

పశువుల డాక్టరు నన్ను చూడలేదు, నా వెనక ఎవరొచ్చారా అని చూశాడు. "మగవాళ్ళెవరూ రాలేదా?" … రాలేదు. చచ్చింది మాత్రం వచ్చింది, చూడండి.

కోశాడు. పేగు నిండా రక్తం. "దీన్నేమంటారంటే అమ్మాయ్…" "కాక్సిడియోసిస్" అన్నాను. అప్పుడు చూశాడు నా మొహం. జువాలజీ రికార్డులో ఎంత ముద్దుగా గీశాను ఆ పురుగు గుడ్డుని — గుండ్రంగా, లోపల నాలుగు గింజలు.

సల్ఫా పొడి ఇచ్చాడు. తాగే నీళ్ళలో కలపాలి, వేరే నీళ్ళు అందకూడదు. అన్నిటికంటే ముందు ఊక పొడిగా ఉండాలి. తడి తగిలితేనే రెట్టలో ఉన్న ఆ గింజలు పండుతాయి, పిల్లలు మళ్ళీ వాటినే ఏరుకు తింటాయి.

మంగళవారం, 13

పాత ఊకంతా ఎత్తి కాల్చేశాను. కొత్త ఊక పరిచాను. కప్పు కారేచోట నేనే ఎక్కి తాటాకు కప్పాను. అమ్మ కిందనుంచి — "దిగవే గుంటా! ఆడపిల్లవి కప్పులెక్కుతావేటి, నలుగురూ సూస్తన్నారు." నలుగురూ అంటే మా గేదె, దాని దూడ.

బుధవారం, 14

ఊక తడి. చినుకైనా పడలేదు. ఇంకోటి పోయింది.

గురువారం, 15

బళ్ళో జెండా. మైకులో స్వాతంత్ర్యం. నేను ఊక ఎత్తుతున్నాను… మళ్ళీ తడి.

మందు నీళ్ళు పచ్చగా ఉన్నాయి. వేలు ముంచి వాసన చూశాను. పసుపు! వేపాకు ఒకటి తేలుతోంది.

శుక్రవారం, 16

పట్టుకున్నాను. వెలుగు రాకముందే వెళ్ళి ఎరువు బస్తాల వెనక కూచున్నాను. అమ్మ వచ్చింది. శ్రావణ శుక్రవారం తలంటు, తడి జుట్టు, చేతిలో కళ్ళాపి బకెట్టు. వాకిట్లో చల్లినట్టే పేడనీళ్ళు పాకంతా చల్లింది. నా మందు నీళ్ళు పారబోసి, చెంబులో పసుపు నీళ్ళు పోసింది. దండం పెట్టింది. కోడిపిల్లలకి!

"నువ్వే చంపుతున్నావు" అని అరిచాను.

"నెమ్మదే. అమ్మోరు ఉన్నాది. ఎర్రగా ఏస్తన్నాయి, కనబడ్డం లేదేటి? అమ్మోరున్న సోట మందులెడతారా?"

"అమ్మోరు కాదు. పురుగు!"

టపటపా లెంపలు వేసుకుంది — నా మాటకి, తన లెంపలు. "గుంట తెలక అన్నాది తల్లీ" అని కోడిపిల్లలకి క్షమాపణ.

నాన్న దగ్గరికెళ్ళాను. పేపరు దించకుండా "మీ అమ్మ మనసు కష్టపెట్టకు." అన్నయ్య — "ఓ పక్క సల్ఫా, ఓ పక్క అమ్మోరు. పందెం కాద్దాం, ఎవులు గెలుత్తారో."

ఈ ఇంట్లో కోడికి అమ్మవారు పూనొచ్చు. నాకు కోపం రాకూడదు.

శనివారం, 17

మూడు పోయాయి. పెరట్లో గొయ్యి తవ్వి పూడ్చాను. మళ్ళీ కొత్త ఊక, మళ్ళీ మందు. పాకకి తాళం వేసి చెవి మెడలో కట్టుకున్నాను. అన్నం తినలేదు. అమ్మా తినలేదు. పోటీ.

ఆదివారం, 18

తాళం వేసిన తలుపు బయట కూచుంది అమ్మ, పసుపు నీళ్ళ చెంబు ఒళ్ళో పెట్టుకుని. నా వైపు చూడకుండా —

"నీకు నాలుగో ఏడు అమ్మోరు సోకినాది. మీ నాన్న ఆస్పత్రికని బండి కట్టినారు. నానెల్లనియ్యలేదు. ఏపమండల మీద పడుకోబెట్టి పసుపు నీళ్ళు సల్లినాను. బతికినావు. నీకు సేసిందే ఈటికీ సేసినాను. దానికింత తాళమా?"

కణత మీది మచ్చ తడుముకున్నాను. ఆ నీళ్ళవల్ల కాదమ్మా, ఉత్తినే బతికాను… నోటిదాకా వచ్చింది. అనలేకపోయానన్న మంట ఇప్పటికీ ఆరలేదు.

"గడప బయట చల్లుకో. లోపలొద్దు" అన్నాను.

చెంబుకేసి, గడపకేసి చూసింది. "బయట సల్లితే అమ్మోరు ఒప్పుకుంటాదా?" నన్నే అడుగుతోంది! జువాలజీ చదివినదాన్ని!

"ఒప్పుకుంటుంది."

మంగళవారం, 20

గడప బయట కళ్ళాపి, ముగ్గు. లోపల ఊక పొడి. రెట్టలో ఎరుపు తగ్గింది. ఒకటి నా కాలివేలు పొడిచింది — ఆకలి! ఏడుపొచ్చింది.

బావి దగ్గర అమ్మ అందరికీ — "అమ్మోరు శాంతించినాది." సల్ఫా అన్న మాట ఒక్క నోటా లేదు. పళ్ళు నూరుకుంటున్నాను.

గురువారం, 22

రేపు పోలాల అమావాస్య, పైగా శుక్రవారం. పిల్లల కోసం అమ్మవారికి చేసే రోజు. పిల్లలంటే కోడిపిల్లలు కూడానట. శాంతించిన అమ్మవారికి నీళ్ళు పోసి సాగనంపాలట — పాకకీ, పిల్లలకీ. పెద్ద గుండిగలో వేపాకు నానుతోంది. ఆ నీళ్ళు ఊకలో పడ్డాయంటే అంతా మొదటికి.

"వద్దు" అన్నాను.

"అమ్మోరని నువ్వే ఒప్పుకున్నావు కదే. వచ్చినమ్మోరికి నీళ్ళొయ్యకుండా ఎలగ?"

నిజమే. పురుగన్న మాట మీదే నిలబడాల్సింది. ఒక్క మాట జారాను, దాని వెనకే గుండిగెడు నీళ్ళు.

ఒకటే దారి తోస్తోంది. అమ్మవారు సోకినదాన్ని నేనున్నాను కదా, మచ్చతో సహా. పాక బదులు నా నెత్తిన పొయ్యమంటాను. ఒప్పుకుంటుందా… అమ్మ. అమ్మవారి సంగతి తర్వాత.

శుక్రవారం, 23

వాకిట్లో గుండిగ దింపిన చప్పుడు. "తాళం తియ్యవే గుంటా!"

జడ విప్పుకున్నాను. వెళ్తున్నాను.