లోపలికి మడిచిన గుడ్డ

ఓల్డ్ సెటిల్‌మెంట్, ఖరగ్‌పూర్
ఫిబ్రవరి 22

ప్రియమైన మా ఆయన సిరిల్ గారికి,

ప్రభువు నామంలో వందనాలు. ఏటండీ, ఉత్తరం చూసి నవ్వుకుంటన్నారా? నవ్వుకోండి. ఫోను చేస్తే "ఆలిస్, సిగ్నల్ లేదు" అని పెట్టీస్తన్నారు. వీడియోలోకి రమ్మంటే ఛార్జింగ్ లేదంటారు. చక్రధర్‌పూర్‌లో కరెంటు లేదేటి? ప్రమోషన్ అని మీరు అక్కడికెళ్ళి మూడు నెలలయినాది. మీ ముఖం చూసి రెండు నెలలు దాటినాది. అందుకే కాయితం మీద పడ్డాను. హెన్రీ అన్నయ్య వారానికి రెండుసార్లు ప్యాసింజరు మీద గార్డుగా అటొస్తన్నాడు కదా, ఆయన చేతికిస్తన్నాను. జవాబు కూడా కాయితం మీదే రాయండి. నోటితో ఎన్నయినా చెప్తారు గాని రాతలో అబద్ధం ఆడటం మీకు చేతకాదు. పద్దెనిమిదేళ్ళు కాపురం చేసినాను, ఆ మాత్రం తెలీదేటి?

సంగతేటంటే, చలి పోయినట్టే ఉన్నాది గాని పోలేదు. తెల్లారగట్ల నీళ్ళు ముట్టుకుంటే జివ్వుమంటన్నాది, పది దాటితే ఫ్యాను కావాలి. మీరేమో గూడ్సు బండి చివర బ్రేకువానులో కూర్చుంటారు, అన్ని పక్కలా గాలే. ఆ మందపాటి స్వెట్టరు వేసుకుంటే చెమట, తీసేస్తే వణుకు. ఛాతీకి గాలి తగలకూడదండీ. మా నాన్న ఎలా దగ్గి దగ్గి పోయినాడో నేను మళ్ళీ చెప్పక్కర్లేదు.

అందుకని మగాళ్ళ జాకెట్ ఒకటి చూద్దామని నిన్న నా కుట్టు షాపు మూసి మరీ గోల్‌బజార్ అంతా తిరిగినాను. జీన్సుది చేత్తో ఎత్తితే బియ్యం బస్తా. తోలుదని ఒకడు చూపించినాడు, అది తోలూ కాదు పాడూ కాదు, గంటసేపు వేసుకుంటే ఒళ్ళు ఉడికిపోతాది. నైలానుది తేలికే గాని చెయ్యి కదిపితే చిప్స్ ప్యాకెట్‌లాగ గరగరలు. "బౌదీ, దాదాకే భాలో మానాబే" అంటాడు షాపువాడు. మా ఆయనకి బాగుంటాదని నీకెలా తెలుసు, ఎప్పుడైనా చూసినావా అని అడిగీసి వచ్చీసినాను.

నేనే కుడతాను. మీకేటేటి కావాలో రాయండి. కొలతలు మాత్రం పంపక్కర్లేదు. ఛాతీ నలభై రెండు, భుజం పద్దెనిమిదిన్నర. మీ ఒళ్ళు నా చేతికి తెలుసు.

మీ
ఆలిస్


చక్రధర్‌పూర్
ఫిబ్రవరి 27

ప్రియమైన ఆలిస్‌కి,

నీ ఉత్తరం హెన్రీ ఇచ్చినాడు. రెండుసార్లు చదివినాను. తిట్లయినా బాగున్నాయి, నీ గొంతు విన్నట్టే ఉన్నాది.

జాకెట్ సంగతి. నూలు గుడ్డ అయితే మంచిది. లైనింగ్ ఒళ్ళంతా వద్దు, వీపుకీ భుజాలకీ చాలు. కాలరు ఎత్తితే మెడ మూసుకోవాలి, దించితే చర్చికి పనికిరావాలి. పొద్దున్న డ్యూటీకి, ఆదివారం ఆరాధనకి, సాయంత్రం బజారుకి అన్నిటికీ అదొక్కటే ఉంటే చాలు, నాకు ఇక్కడ బీరువా లేదు. బొత్తాలు వద్దు. ఒక చేతిలో జెండా ఉంటే ఇంకో చేత్తో కాజాలు వెతుక్కోలేను, జిప్పు పెట్టు. బయట రెండు జేబులు టార్చికీ విజిల్‌కీ. లోపల ఒక జేబు నీ ఉత్తరాలకి. రంగు నీలమైతే నాకు బాగుంటాదని ఇక్కడ ఒకరన్నారు.

ఈ నెల మొదట్లో చర్చిలో జెనీ కనబడినాది. నీ దగ్గర మిషను నేర్చుకున్న పిల్ల, పెళ్ళయి ఇక్కడే ఉంటన్నాది కదా. నిన్ను అడిగినట్టు చెప్పమన్నాది.

నువ్వు ఇప్పుడు ఇటు రావద్దు. క్వార్టరు బాగోలేదు. ఈస్టర్ కుట్టుపని నెత్తిమీద పెట్టుకుని ఎక్కడికొస్తావు?

నీ
సిరిల్


ఖరగ్‌పూర్
మార్చి 9

ప్రియమైన శ్రీవారికి,

జాకెట్ పంపిస్తన్నాను. మీరు రాసినట్టే కుట్టినాను, ఒక్కటి తప్ప. నీలం కుట్టలేదు. కాఫీపొడి రంగు కుట్టినాను. నీలం బాగుంటాదన్న ఆ "ఒకరు" ఎవరో, వాళ్ళకే నీలం కుట్టుకోమనండి.

ఏటండీ అది, "ఇక్కడ ఒకరన్నారు"? ఒకరంటే పేరుండదా? మగాడైతే దత్తా బాబు అన్నాడనో, మిశ్రాజీ అన్నాడనో రాస్తారు. పేరు రాయలేదంటే నాకు రాయకూడని పేరనే కదా. మగాడు ఇంకో మగాణ్ణి చూసి నీకు నీలం బాగుంటాదని అంటాడేటి ఎక్కడైనా?

ఆ జెనీ ఒకతి. నా దగ్గర మూడేళ్ళు నేర్చుకున్నన్నాళ్ళూ మీరు టీ తాగడానికొస్తే "అన్నయ్యగారూ, ఇంకొంచెం పంచదార వెయ్యనా" అని ముందు అదే లేచేది. నేనేటీ అనలేదు. అనలేదని చూడలేదనుకోకండి. నన్ను రావద్దంటారు, క్వార్టరు బాగోలేదంటారు. నాకేటి బంగళా కావాలన్నానా ఎప్పుడైనా?

డోల్ పండగ నాడు పక్కింటి బెంగాలీ వాళ్ళంతా మొగుడూ పెళ్ళాం రంగులు పూసుకుంటంటే తలుపేసుకుని మీ జాకెట్‌కి లైనింగ్ వేసినాను. అది గుర్తుపెట్టుకుని వేసుకోండి.

ఆలిస్


చక్రధర్‌పూర్
మార్చి 17

ప్రియమైన ఆలిస్‌కి,

జాకెట్ చాలా బాగున్నాది. ఎత్తితే బరువు లేదు, వేసుకుంటే వెచ్చన. ఇప్పుడు నా ఒంటికి అచ్చంగా సరిపోయినాది. కాఫీ రంగే బాగున్నాది, నీలం మాట మర్చిపో.

జిప్పు పాడయినాది. హెన్రీ చేత పంపిస్తన్నాను. తొందరేటీ లేదు. తీరిగ్గా కూర్చుని లోపలా బయటా బాగా చూసి పంపు.

నీ
సిరిల్


ఖరగ్‌పూర్
మార్చి 20

సిరిల్ గారికి,

"ప్రియమైన" అని రాయడానికి చెయ్యి రాలేదు.

లోపలా బయటా చూడమన్నారు, చూసినాను. నేను ఆ జాకెట్ మొత్తం మిషను మీద కుట్టినాను. ఇప్పుడు రెండు పక్కలా చేతికుట్టు ఉన్నాది. ఎవరో కూర్చుని పక్కలు బిగించినారు. ఎందుకండీ, ఒంటికి పట్టినట్టుండాలనా? నలభై ఆరేళ్ళొచ్చినాక కుర్రాడిలా కనబడాలనా? ఎవరికి కనబడాలని?

ఇంకెవరిదో కుట్టయితే దర్జీవాడి దగ్గరికెళ్ళినారులే అనుకుందును. అది మా అమ్మ కుట్టు. అయిదు కుట్లకి ఒకసారి వెనక్కెళ్ళి ముడి. దారం ఒకచోట తెగినా అంతా ఊడిపోకుండా ఉండాలని మా అమ్మ ఎస్తేరమ్మ రైల్వే కోట్లు కుట్టేటప్పుడు కనిపెట్టుకున్నాది. నాకు నేర్పినాది. నేను జెనీకి నేర్పినాను. ఈ భూమ్మీద ఆ కుట్టు ఇంకెవరు వేస్తారు? దాని చెయ్యి నా దగ్గర ఎప్పుడూ వదులే, ఎన్ని తిట్లు తిట్టినా బిగించేది కాదు. ఇప్పుడు చూడండి, ఇనుపతీగ లాగినట్టు లాగి కుట్టినాది. మీ జాకెట్ అనేసరికి చేతికి బలం వచ్చీసినాదేటి?

పక్కలు బిగించాలంటే మనిషి తొడుక్కుని నిలబడాలి. ఒకరు దగ్గరికొచ్చి రెండు పక్కలా గుడ్డ పట్టుకుని పిన్నులు పెట్టాలి. పాతికేళ్ళ నుంచి అదే పని చేస్తన్నాను, ఎంత దగ్గరగా నిలబడాలో నాకు చెప్పకండి.

జెనీకి ఫోను చేసి నోటికొచ్చినట్టు తిట్టినాను. "అక్కా, నాకేటీ తెలీదక్కా" అని ఏడ్చినాది. ఏడిస్తే ఒప్పుకున్నట్టే. హెన్రీ అన్నయ్యని అడిగితే టోపీ సర్దుకుని ట్రాఫిక్ కాలనీలో పనుందని సైకిలెక్కీసినాడు. అందరూ ఒకటయిపోయినారు.

జాకెట్ నా దగ్గరే ఉంటాది. మీకు జిప్పు కావాలంటే ఆ పక్కలు బిగించినావిడనే అడగండి. జవాబు రాస్తే నిజం రాయండి. లేకపోతే అసలు రాయకండి.

ఆలిస్


చక్రధర్‌పూర్
మార్చి 29, మట్టల ఆదివారం

నా ఆలిస్‌కి,

తొమ్మిది రోజులు కాయితం ముందు పెట్టుకుని కూర్చున్నాను. నిజం రాయమన్నావు, రాస్తన్నాను. కూర్చుని చదువు.

ఆ కుట్టు నాదే.

కరోనాలో బళ్ళు ఆగిపోయి నేను ఇంట్లో ఉన్నప్పుడు గ్యాంగ్‌మెన్‌లకి మనిద్దరం మాస్కులు కుట్టినాం, గుర్తున్నాదా? మిషను నువ్వు తొక్కితే చేతికుట్టు నేను వేసేవాణ్ణి. అయిదు కుట్లు, ఒకటి వెనక్కి, ముడి. మూడుసార్లు వేలు పొడుచుకున్నాను. "దారం అంత లాగకండి, ఇది మాస్కు, బ్రేకు కాదు" అని నవ్వేదానివి. అప్పుడు నేర్పినావు. నేర్పినట్టు నీకు గుర్తులేదు గాని నా చేతికి గుర్తున్నాది.

ఎందుకు బిగించినానంటే, నీ జాకెట్ నా ఒంటి మీద నిలబడలేదు ఆలిస్. నలభై రెండు ఛాతీ ఇప్పుడు లేదు. జనవరి నుంచి సాయంత్రం అయితే జ్వరం, దగ్గు. ఫిబ్రవరి రెండో వారంలో రైల్వే ఆసుపత్రిలో చేర్చుకున్నారు. టీబీ అన్నారు. నీ మొదటి ఉత్తరం నేను ఆసుపత్రి మంచం మీద చదివినాను. నీలం బాగుంటాదన్నది పక్క మంచం మీదున్న ముసలాయన. పేరు రాస్తే ఎవరాయన, ఎక్కడ కలిసినారు అని అడుగుతావని రాయలేదు. వీడియోలోకి ఎందుకు రాలేదో ఇప్పుడు తెలిసినాది కదా. హెన్రీ చేత బైబిలు మీద ఒట్టు వేయించుకున్నాను, వాణ్ణి తిట్టకు. జెనీని అయితే అసలు అనకు, దాన్ని చర్చిలో ఆ ఒక్కసారే చూసినాను.

మీ నాన్న పోయింది ఈ జబ్బుతోనే. పన్నెండేళ్ళ పిల్లవి, ఆయన పళ్ళెం వేరే పెట్టినారని, ఆయన గదిలోకి నిన్ను వెళ్ళనివ్వలేదని పెళ్ళయిన కొత్తలో చెప్తూ ఎంత ఏడ్చినావో నాకు తెలుసు. ఆ పేరు నీకు మళ్ళీ నా నోటితో ఎలా చెప్పను? ఫోనులో చెప్దామని ఎన్నోసార్లు మొదలుపెట్టి సిగ్నల్ లేదన్నాను.

జిప్పు దానంతటది పాడవలేదు. నేనే కటింగ్ ప్లయరుతో పీకినాను. జాకెట్ నీ చేతికొస్తే పక్కలు చూస్తావు, టేపు పెడతావు, నాలుగంగుళాలు తగ్గినట్టు నీకే తెలుస్తాది, చెప్పే పని నాకు తప్పుతాది అనుకున్నాను. అందుకే లోపలా బయటా చూడమన్నాను. నువ్వు కుట్టు చూసినావు.

ఇప్పుడు మందులు పనిచేస్తన్నాయి. జ్వరం లేదు. ఇంకొకరికి అంటుకునే రోజులు దాటిపోయినాయని డాక్టరు చెప్పినాడు. అయినా నువ్వు ఒకసారి ఎక్సరే తీయించుకో. ఆరు నెలలు మాత్రలు మింగాలి, మింగినానా లేదా అని ఒక సిస్టరు రోజూ ఫోను చేసి అడుగుతాది. అప్పటిదాకా బండి ఎక్కనివ్వరు. ఆఫీసులో కూర్చోబెడతారట. ఆ తర్వాత మళ్ళీ బ్రేకువాను ఎక్కనిస్తారో లేదో మెడికల్ పరీక్షలో తేలుతాది. నాకు భయంగా ఉన్నాది ఆలిస్. ఎవరితోనూ అనలేదు, నీకే రాస్తన్నాను.

నీ
సిరిల్


ఖరగ్‌పూర్
మార్చి 31

ప్రియమైన, నా ప్రాణమైన సిరిల్ గారికి,

ఈ ఉత్తరం హెన్రీ అన్నయ్య తేవట్లేదు. నేనే తెస్తన్నాను. జాకెట్ లోపలి జేబులో పెట్టి మీకు తొడుగుతాను. నన్ను ఎదురుగా పెట్టుకుని చదవండి. నోటితో చెప్పబోతే నేను ఏడవడం తప్ప ఇంకేటీ చెయ్యలేను, అందుకే రాసి తెస్తన్నాను.

మీ ఉత్తరం చదివినాక టేపు తీసినాను. పది రోజులు జాకెట్ నా మిషను మీదే ఉన్నాది, ఒక్కసారి టేపు పెట్టలేదు. ముప్పై ఎనిమిది. ఒక్కో పక్క రెండేసి అంగుళాలు. నాలుగంగుళాల మొగుడు ఏమైపోయినాడని అడక్కుండా, దారం ఎవరిదని అడిగినాను. గోల్‌బజార్‌లో మనిషి నడిచొస్తంటే చూసి కొలత చెప్పే ఆలిస్‌ని నేనేనా? నాలాంటి గుడ్డిదాన్ని ఎక్కడా చూడలేదు. క్షమించండి. మీ మీద కూడా నాకు కోపం ఉన్నాది, అది వేరే సంగతి, తర్వాత చూసుకుందాం. మా నాన్న పళ్ళెం వేరే పెట్టింది ఆ రోజుల్లో. మన ఇంట్లో ఎవరి పళ్ళెమూ వేరే పెట్టను. ఎక్సరే నిన్ననే తీయించుకున్నాను, నాకేటీ లేదన్నారు.

జెనీకి ఫోను చేసినాను. ఎలా మొదలుపెట్టాలో తెలీక "నీ చెయ్యి ఇంకా వదులేనా?" అని అడిగినాను. "వదులేనక్కా, పాప పుట్టినాక సూది ముట్టుకోలేదు" అన్నాది. అప్పుడు ఏడ్చి, ఇద్దరం నవ్వినాం. రేపు స్టేషనుకి అదే వస్తాదట. రానివ్వండి, ఈసారి పంచదార నేనే వేస్తాను.

ఈస్టర్ ఫ్రాకులు ఇరవై మూడు మిగిలున్నాయి. పక్క వీధిలో కుట్టుపని చేసే సూసన్న మిషను మీదికి పంపీసినాను. తిట్టేవాళ్ళు తిట్టుకుంటారు. షాపుకి తాళం వేసినాను. బ్రేకువాను సంగతి మెడికల్ అప్పుడు చూద్దాం, మీరు ఆఫీసులో కూర్చున్నా బండి ఎక్కినా నాకు ఒకటే. భయం అని రాసినారు కదా, ఇకమీదట అది సగం నాకు ఇవ్వండి.

కొత్త జిప్పు వేసినాను. పక్కలు ముట్టుకోలేదు. కుట్టు తిరగేసి లోపల చూస్తే, మీరు గుడ్డ కత్తిరించలేదు. రెండు పక్కలా ఉన్నదంతా లోపలికి మడిచి ఉంచినారు. దర్జీవాడైతే ఎక్కువైన గుడ్డ కత్తిరించి పడేస్తాడు. మళ్ళీ ఆ గుడ్డని నింపుతానని మీకు నమ్మకం ఉన్నాది, లేకపోతే ఎందుకు దాచుకుంటారు? అది చూసి మిషను మీద తల పెట్టుకుని ఏడ్చినాను.

ఆ కుట్టు నేను విప్పను. మీరు వేసినారు, మీరే విప్పాలి. గుడ్లు తెస్తన్నాను, ఎండు చేపలు తెస్తన్నాను, నా చేతి వంట తిని ఒళ్ళు వచ్చినకొద్దీ కొంచెం కొంచెం విప్పండి. నేను పక్కన కూర్చుని కొలుస్తాను.

మీ
ఆలిస్

అడగడం మర్చిపోయినాను. మాత్రలు మింగినారా అని రోజూ ఫోను చేసే ఆ సిస్టరు పేరు రాయలేదేటి మీరు? రేపు ఆవిడ ఫోను చేస్తే నాకివ్వండి. ఇకనుంచి ఆ మాట నేనే అడుగుతానని చెప్పీస్తాను.