నీ భుజం చాటు బుగ్గ

అమ్మా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నీ మనవరాలు హారిక కుడి బుగ్గ మీది ఎర్రటి పుట్టుమచ్చ మందమవుతోంది. గోరు తగిలినా రక్తం వస్తోంది. లేజర్ చేయించాలన్నారు డాక్టర్. అది అందం కోసం చేయించుకునేదంటూ మా ఆఫీసు బీమా వాళ్ళు డబ్బివ్వడం కుదరదన్నారు. అందమట! దిండు గలీబులు ఉతికేది నేను కదా.

బీమా వాళ్ళకి ఫోన్ చేసి గట్టిగా అడిగాను.

"నాకు సమజైతుంది మేడం. గిట్లాంటివాటికి ఇయ్యాల్సిందే అని చట్టం వస్తే తప్ప మేమేం చెయ్యలేం. మచ్చ పెరుగుతున్నట్టు చిన్నప్పటి ఫోటోలుంటే పంపండి, మళ్ల ఒకసారి అడిగి చూస్త," అందా అమ్మాయి.

మధ్యాహ్నం కోకాపేట ఆఫీసులో భోజనం మానేసి ఫోటోలన్నీ వెతికాను. బారసాల, అన్నప్రాశన, మొదటి పుట్టినరోజు. ఎవరైనా ఫోటో తీస్తుంటే "జనం కళ్ళు మంచివి కావే" అంటూ హారికని ఎత్తుకుని, ఆ బుగ్గను నీ భుజానికి ఆనించుకునేదానివి. అన్నింట్లోనూ అలాగే ఉంది. ఒక్కదాంట్లో మాత్రం అది నవ్వుతూ ఇటు తిరిగింది. ఆశగా పెద్దది చేసి చూశాను.

మచ్చ మీద నీ అరచెయ్యి ఉందమ్మా.