నూకరత్నం పిన్ని లేని ఫోటో

కడియం,
ఆదివారం, ఆరాధన అయ్యాక.

ప్రియమైన అమ్మకు,

నీ కూతురు ఆశాజ్యోతి ప్రభువు పేరట వందనాలు చెప్పి రాస్తున్నది. ఇక్కడ నాన్న, తాతయ్య, నేను ముగ్గురం దేవుని దయవల్ల బాగున్నాం. సబ్బునీళ్ళకి పొక్కిన నీ చేతులు ఈపాటికి మానాయని అనుకుంటూ ఇది మొదలుపెడుతున్నాను. వాక్యం చదువుకునేటప్పుడు నువ్వు వేలు పెట్టి కూడబలుక్కుంటావు కదా, అందుకని అక్షరాలు పెద్దవిగా, విడివిడిగా రాస్తున్నాను. దాంతో కాగితాలు ఎక్కువయ్యాయి. సంచిలో చోటు లేదని ప్రసన్నకుమారి అక్క గొణిగింది గాని, మంగళవారం కువైట్ బయలుదేరేటప్పుడు తప్పకుండా తెస్తానంది. ఉత్తరంతోపాటు రెండు ఫోటోలు, ఒక ఫారం ఉంటాయి. వాటిని ఇప్పుడే తీయకు. ఉత్తరం మొత్తం చదివాక తియ్యి.

అక్క సెలవుకి వచ్చేటప్పుడు నువ్వు పంపిన ఉత్తరం మాకు అందింది. పదకొండు వరుసలు. చర్చిలో పెద్దవాళ్ళకి పెట్టిన బడిలో పలక పట్టుకుని కూర్చోడానికి సిగ్గుపడిన మనిషివి నువ్వేనా అనిపించింది. నాన్న దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని వారం రోజులు తిరిగాడు. తనకి చదవడం రాదు కాబట్టి కనిపించిన వాళ్ళచేత చదివించుకున్నాడు. మడతల దగ్గర కాగితం చిరిగితే నేనే తీసి దాచాను.

నువ్వు అడిగినవాటికి జవాబులు. నాన్న బీపీ మాత్ర మానలేదు, నా ఎదురుగానే వేసుకుంటున్నాడు. తాతయ్యకి కన్ను ఆపరేషన్ అయింది, ఇప్పుడు కొబ్బరిచెట్టు మీద కాయలు లెక్కపెట్టి మరీ చెబుతున్నాడు. వంటింటి పైన రేకు మార్పించాం. బి.ఇడి. పరీక్షకి దరఖాస్తు పెట్టాను, ఆ బెంగ పెట్టుకోకు. స్టూడియోలో పని అలాగే ఉంది. పెళ్ళి ఆల్బమ్‌లు నేనే పేజీలు కూర్చుతున్నాను. రాజమండ్రికి రోజూ బస్సులోనే వెళ్ళొస్తున్నాను.

చివరి వరుసలో నువ్వు ఇంకో మాట అడిగావు. “నేను వచ్చే ముందు నర్సరీలో తీసిన పోటో ఎలా వచ్చింది. పంపలేదే” అని. దానికి జవాబే ఈ ఉత్తరమంతా. ఆ జవాబు రాయలేకే మూడు వారాలుగా నాకు ఒకచోట కూర్చోబుద్ధి కావడం లేదు. బస్సులో సీటు దొరికినా నిలబడే వస్తున్నాను. చారులో ఉప్పు రెండుసార్లు వేశానని తాతయ్య తిట్టాడు. శుక్రవారం నువ్వు ఫోన్ చేసినప్పుడల్లా చెబుదామనుకుంటాను. మీ మేడమ్ గారి గొంతు వెనకనుంచి వినబడుతుంది, ఇక్కడ నాన్న పక్కనే ఉంటాడు, ఎండల గురించి మాట్లాడి పెట్టేస్తాను.

మొదటినుంచీ చెబుతాను. మా స్టూడియో యజమాని వీరబ్రహ్మం గారు నెలకి రెండు ఆదివారాలు మధ్యాహ్నం మేడమీద గదిలో ఫోటోలు తీసేవాళ్ళని కూర్చోబెడతారు. అవి పెళ్ళి ఫోటోలు కావు. చేపలమ్మేవాళ్ళు, ఇటుకలు కాల్చేవాళ్ళు, రేవులో బట్టలుతికేవాళ్ళు, అలా మనుషులు ఉన్నది ఉన్నట్టుగా ఉండే ఫోటోలు. ఏడెనిమిది మందిమి వస్తాం. బ్యాంకులో పనిచేసి దిగిపోయిన జానకిరామ్ గారు, ఆడపిల్లల కాలేజీలో పాఠాలు చెప్పే సాయిదుర్గ మేడమ్, ఇంకా కొందరు. అందరిలో చిన్నదాన్ని నేనే. అక్కడ ఒక నియమం ఉంది. ఎవరి ఫోటో బల్లమీద పెడితే వాళ్ళు నోరెత్తకూడదు. మిగిలినవాళ్ళంతా చూసి, తోచింది చెప్పడం అయ్యాకే వాళ్ళు మాట్లాడాలి. ఫోటో తన మాట తను చెప్పుకోవాలి, తీసినవాళ్ళు పక్కనుంచి అందించకూడదు అంటారు వీరబ్రహ్మం గారు.

మొదట నేను ఆత్రేయపురంలో పూతరేకులు తీసే ఆడవాళ్ళ ఫోటోలు పెట్టాను. రెండు ఆదివారాలు వెళ్ళి, ఆ పొయ్యిల దగ్గర పొగలో కళ్ళు మండుతుంటే తీసినవి. జానకిరామ్ గారు ఒక్కొక్కటే పక్కకి జరిపి, “అందరూ నవ్వుతున్నారమ్మా. పేరంటానికొచ్చినట్టున్నారు. పనిచేసే మనిషి ఏదీ ఇందులో?” అన్నారు. వాళ్ళు నవ్వింది నేను చీర కొంగు కాల్చుకోబోయానని. అది చెప్పడానికి లేదు కదా. కిందకొచ్చి బాత్రూమ్‌లో ముఖం కడుక్కుని బస్సెక్కాను.

తర్వాతి ఆదివారానికి నవ్వు లేని ఫోటో కోసం పాతవన్నీ వెతికాను. అప్పుడు దొరికింది నీది.

నీకు గుర్తుందా? మర్నాడు నీ ప్రయాణం. త్రిమూర్తులు గారి నర్సరీలో ఆ వరస పూర్తిచేసిగాని రానని మధ్యాహ్నందాకా మామిడి అంట్లు కడుతూనే ఉన్నావు. నేను స్టూడియో కెమెరా అడిగి తెచ్చాను. నువ్వు టెంకె మొక్క తల కోసి, నడిమికి చీల్చి, బంగినపల్లి పుల్ల అందులో దూర్చి రెండు చేతులా పట్టుకున్నావు. చుట్టాల్సిన ప్లాస్టిక్ పట్టీ ఎప్పటిలాగే పళ్ళమధ్య బిగించుకున్నావు. పక్కన నూకరత్నం పిన్ని సంచుల్లో మట్టి నింపుతోంది. “ఏమే రెబెక్కా, కువైట్లో ఖర్జూరం చెట్టుకి మావిడి అంటు కట్టేత్తావేంటి? అరబ్బు షేకుకి మావిడిపళ్ళు పంపుతావా?” అంది. నువ్వు ఆ పళ్ళమధ్యనుంచే ఏదో అన్నావు. పట్టీ నోట్లో పెట్టుకుని నువ్వు మాట్లాడేది నర్సరీలో నాకు తప్ప ఎవరికీ అర్థం కాదని అందరూ నవ్వుతారు కదా. ఆ రోజు నువ్వన్నది, “నవ్వించకే, చెయ్యి కదిలితే అంటు తప్పిపోద్ది” అని. అప్పుడు నొక్కాను నేను. ఫోటోలో నువ్వు ఎడమవైపు ఉన్నావు, కుడివైపు పిన్ని పగలబడి నవ్వుతోంది. ఆమె నోట్లో లేని పన్నుతో సహా కనబడుతోంది.

మళ్ళీ నవ్వు అంటారని భయపడ్డాను. కంప్యూటర్లో పిన్నిని కత్తిరించేశాను.

ఆ ముక్క బల్లమీద పెట్టాక కుర్చీలు దగ్గరికి జరుపుకుని చూశారు. తర్వాత అందరూ ఒకేసారి మొదలుపెట్టారు. ఈమె నోటికి గుడ్డ కట్టినట్టుంది అన్నారు జానకిరామ్ గారు. కూలిమనిషికి మాట లేకుండా చేశారు, ఆ దవడ చూడండి, ఎంత కోపం దిగమింగుతోందో అన్నారు. అంచున నల్లటి మోచెయ్యి ఒకటి మిగిలిపోయింది, నేను గమనించలేదు. అది మీద నిలబడి పనిచేయించే మేస్త్రిదై ఉంటుందని, పెత్తనమంతా ఆ ఒక్క మోచేతిలో ఉందని ఇంకొకాయన వివరించారు. నేను నియమం ప్రకారం నోరు మూసుకున్నాను. అందరూ చెప్పడం అయ్యాక వీరబ్రహ్మం గారు నా వంక చూసి, నువ్వేమైనా చెబుతావా అన్నారు. థాంక్సండి అన్నాను. అంతే. అమ్మా, ఆ పొగడ్త నాకు ఎంత తియ్యగా ఉందో దాచను. మన ఇంట్లో బడి ముఖం చూసినది నేనే కదా, అంత చదువుకున్నవాళ్ళు నా పని చూసి లేచి నిలబడితే కాళ్ళు నేలమీద ఆనలేదు.

వచ్చే నెల పద్నాలుగు నుంచి మూడురోజులు రాజమండ్రిలో మా అందరి ఫోటోలు హాల్లో పెడుతున్నారు. నీ ఫోటో పెద్దది చేసి గుమ్మం ఎదురుగా పెట్టాలని, దానికి ‘మాట’ అని పేరు పెట్టాలని నిర్ణయించారు. పిలుపు కార్డు మీద కూడా అదే వేశారు. కార్డు ఫోన్లలో తిరిగింది. నర్సరీకీ వచ్చింది.

నూకరత్నం పిన్ని పని దిగి నేరుగా మనింటికొచ్చింది. కాళ్ళకి మట్టి కూడా కడుక్కోలేదు. త్రిమూర్తులు గారి గుమస్తా ఫోన్ అడిగి తెచ్చింది. “ఇది ఆ రోజుదే కదే? మరి నేనేదే ఇందులో?” అంది. ఫోన్ ముఖానికి దగ్గరగా పెట్టుకుని చూసి, “ఇదిగో, నా మోచెయ్యి. ఆ మచ్చ కూడా నాదే” అని నవ్వింది. ఆ మోచెయ్యిని అక్కడివాళ్ళు మేస్త్రిదనుకున్నారని చెప్పాను. అది విని ఇంకా నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. “మీ అమ్మ మీద నేను పెత్తనం చేశానా?” అంది. మంచినీళ్ళిస్తే తాగకుండా వెళ్ళిపోయింది. తర్వాత నాలుగు రోజులు దారిలో కనబడినా నా వంక చూడలేదు.

పోయిన ఆదివారం మొత్తం ఫోటో పెద్దది కడిగించి పట్టుకెళ్ళాను. బల్లమీద పెట్టి, నియమం తప్పుతున్నాను క్షమించండి అని ముందే చెప్పి, గబగబా మాట్లాడేశాను. ఈమె నోటికి ఎవరూ ఏమీ కట్టలేదండి, అంటు కట్టేవాళ్ళు రెండు చేతులూ ఖాళీ లేక పట్టీ పళ్ళతో పట్టుకుంటారండి, ఈమె కోపంగా లేదు, నవ్వు ఆపుకుంటోంది, ఆ మోచెయ్యి స్నేహితురాలిది, కత్తిరించింది నేనే అన్నాను. జానకిరామ్ గారు రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశారు. ఆయనకి కోపం రాలేదు. “నిజం ఇదే అయుండొచ్చు. కానీ ఫోటోగా అదే గొప్పదమ్మా” అన్నారు. దాచడం ఎందుకు, నాకూ అలాగే అనిపిస్తోంది.

అప్పుడు వీరబ్రహ్మం గారు ఫైలు తెరిచి ఒక కాగితం తీశారు.

ఇక్కడిదాకా రాసి లేచి పెరట్లోకి వెళ్ళి, తాతయ్యకి టీ ఇచ్చి, మళ్ళీ వచ్చి కూర్చున్నాను. ఇది రాయకపోతే ముందు రాసిందంతా దండగ.

హాల్లో పెట్టే ప్రతి ఫోటోకీ ఒక ఫారం ఉంటుంది. అందులో ‘ఫోటోలోని వ్యక్తి పేరు’ అని ఒక గడి ఉంది. వీరబ్రహ్మం గారు తీసింది నా ఫారమే. “ఆవిడ నవ్వు ఆపుకుంటోందని నీకెలా తెలుసమ్మా? పేరు తెలియదని రాశావు కదా ఇక్కడ” అన్నారు.

అవునమ్మా. నా చేతులతో నేనే రాశాను, తెలియదు, నర్సరీ కూలి అని. ఆ రోజు ఆ గడి దగ్గర ఒక్క నిమిషం పెన్ను ఆగింది. మా అమ్మ అని రాస్తే ఫోటో గొప్పదనం పోతుందేమో, ఇంట్లోవాళ్ళని తీసుకొచ్చింది అంటారేమో అనుకున్నాను. అది సగమే నిజం. ఇంతకాలం వాళ్ళెవరికీ మనింటి సంగతి నేను చెప్పలేదు. అడిగితే అమ్మ ఊళ్ళో ఉండదని మాత్రమే అనేదాన్ని. నేను బడికెళ్ళడానికి నువ్వు ఎన్ని వేల అంట్లు కట్టావో తెలిసి కూడా, నీ పేరు తెలియదని రాశాను.

“మా అమ్మండి” అన్నాను. జానకిరామ్ గారు కళ్ళజోడు తీసేశారు. నోటికి గుడ్డ కట్టినట్టుందన్నందుకు క్షమించమని నాకు చెప్పబోయారు. నాకు కాదండీ అన్నాను.

మెట్లు దిగుతుంటే సాయిదుర్గ మేడమ్ నా వెనకే వచ్చారు. మెట్లమీద ఆపి, “వాళ్ళు అన్నది తప్పే. కానీ నవ్వు ఆపుకునే మనిషి కళ్ళు అలా ఉండవు అమ్మాయ్. ఇంకోసారి చూడు” అన్నారు.

అప్పటినుంచీ చూస్తూనే ఉన్నాను. పిన్నిని కప్పి చూస్తే ఒకలా ఉన్నావు, తీసి చూస్తే ఇంకోలా ఉన్నావు. నీ మాట నాకు తప్ప ఎవరికీ అర్థం కాదని ఇన్నాళ్ళూ గర్వపడ్డాను. ఆ రోజు అర్థమైందో లేదో ఇప్పుడు తెలియడం లేదు.

నిన్న సాయంత్రం నూకరత్నం పిన్ని ఇంటికి వెళ్ళి మొత్తం ఫోటో ఇచ్చి, తప్పయిపోయింది పిన్నీ అన్నాను. చాలాసేపు చూసుకుని, “పన్ను లేకపోయినా బానే ఉన్నానే” అంది. గోడకున్న మేకుకి తగిలించింది. టీ పెట్టింది. అప్పుడు నాకు తెలియని సంగతొకటి చెప్పింది. నువ్వు వెళ్ళాక ఆ వరసలో అన్ని మొక్కలూ చిగుళ్ళేశాయట, చివరిది ఒక్కటే ఎండిపోయిందట. ఫోటోలో నీ చేతిలో ఉన్నది అదే. రెబెక్కా చేతి అంటు తప్పడం ఎప్పుడూ చూడలేదని త్రిమూర్తులు గారు ఆ మొక్కని రెండు నెలలు పారేయనివ్వలేదట. “నవ్వించానని నన్ను తిట్టుకున్నాను. కానీ మీ అమ్మ నవ్వలేదే ఆ రోజు. నేనే నవ్వాను” అంది పిన్ని.

అంటే చెయ్యి కదిలింది. ఎందుకు కదిలిందో రెండు ఫోటోల్లోనూ లేదు.

అమ్మా, వీరబ్రహ్మం గారు కొత్త ఫారం ఇచ్చారు. పేరు దగ్గర కొండేటి రెబెక్కా అని, పని దగ్గర మామిడి అంట్లు కట్టడం అని రాశాను. తీసినవారితో చుట్టరికం అని గడి లేదు, పక్కన ఖాళీలో తల్లి అని నేనే రాశాను. కింద నీ సంతకం కావాలి. ఏ ఫోటో వద్దంటే అది పెట్టరు, రెండూ వద్దంటే రెండూ తీసేస్తారు, కార్డు మళ్ళీ వేయిస్తామన్నారు. సంతకం పెట్టి శుక్రవారం ఫోన్ చేతికి రాగానే ఫోటో తీసి పంపు. నాకోసమని ఒప్పుకోకు.

ఇప్పుడు కవరులోంచి ఫోటోలు తియ్యి. రెండూ చూడు. శుక్రవారం నాన్నని పక్కకి పంపేస్తాను. ఆ రోజు నువ్వు పళ్ళమధ్య దేన్ని పట్టుకున్నావో నాకు ఒక్కదానికే చెప్పు. నేను కెమెరా పట్టుకోను, మధ్యలో మాట్లాడను.

ఇట్లు,
నీ పేరు సరిగ్గా రాయడం ఈ వారమే నేర్చుకున్న
నీ కూతురు
ఆశాజ్యోతి