మత్తుబిళ్లకు ముందు

తమ్ముడూ,

నిన్న ఫోన్‌లో నువ్వన్న మాట మింగుడుపడక రాస్తున్నాను. "మీ మరదలు కూడా అచ్చం వాళ్లక్కలాగే, అదే వదినలాగే, కంచం విసిరేస్తోంది అన్నయ్యా. డాక్టరు మత్తుబిళ్ల రాశాడు. హమ్మయ్య, ఇక ఇల్లు నిశ్శబ్దం!" అన్నావు.

ఎవరైనా ఆమె నోరు తెరిపించి చూశారా?

మీ వదిన కంచం తోసేసినప్పుడల్లా మతిమరుపు జబ్బు ముదిరిందంటూ డాక్టర్లు మత్తుబిళ్లలు పెంచుకుంటూ పోయారు. వేరే కారణం ఉందేమో చూడమని ఎన్నిసార్లు అడిగినా, "ఈ జబ్బులో ఇవన్నీ మామూలేనండీ" అనే జవాబే. విసిగిపోయి పళ్ల డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్లాను. దవడపన్ను కుళ్లి చీము పట్టింది. నొప్పి అని చెప్పడం మరిచిపోయింది, అంతే. పన్ను తీయించాక మళ్లీ అన్నం తింది. జబ్బు తగ్గలేదు, తగ్గదనీ తెలుసు. కానీ పోయేదాకా మెలకువగా ఉంది.

మరదలి మతిమరుపుకి ఇచ్చే మందు ఆపమనడం లేదు. మత్తుబిళ్ల మొదలుపెట్టే ముందు పళ్లు, చెవులు, మూత్రం పరీక్ష చేయించు. డాక్టరు విసుక్కుంటే విసుక్కోనీ.

నీకు వీలుకాకపోతే నేనే వచ్చి తీసుకెళ్తాను. నేనెవరో మరదలికి తెలియకపోయినా ఫరవాలేదు. తెలియనివాడిలా బతిమాలి నోరు తెరిపించడం నాకు అలవాటే.

అన్నయ్య