రెండు పళ్లాలు, ఒక దొంగ

మోంటానా, మార్చి

అమ్మా, పేపర్లో గుర్రాల దొంగల సంగతి చదివి బెంగపెట్టుకోకు, నేను కులాసాగా ఉన్నాను. పోయింది నా గుర్రమే, అదీ దొరికింది.

మొన్న పక్క పొలం వాళ్లింట్లో పురుడని వెళ్లాను. ఇక్కడ ఇంటికి తాళం వెయ్యరు. దారినపోయేవాళ్లు వండుకు తినొచ్చు గాని, గిన్నెలు కడిగి కట్టెలు కొట్టి పెట్టాలి. తిరిగొచ్చేసరికి గుర్రం లేదు. పొయ్యి పక్కన కట్టెలు పేర్చి ఉన్నాయి. బల్ల మీద ఒక పళ్లెం తళతళలాడుతోంది, రెండో దాన్లో ఎండిన చిక్కుడు గింజలు, పైన చుట్ట బూడిద!

ఇక్కడి పోలీసు అధికారి షెరీఫ్ హాస్కిన్స్‌కి ఆ ఎంగిలి పళ్లెం చూపించి, "దొంగవెధవ తిన్నది ఇందులోనే!" అన్నాను.

ఆయన మెడ గోక్కుని, "అది నా ఎంగిలే థర్జమ్మా. దొంగని తరుముతూ ఆగాను, కడిగే తీరిక లేకపోయింది" అన్నాడు.

అంటే కడిగింది దొంగన్నమాట! నిన్న వాణ్ణి పట్టుకున్నారు. "గిన్నెలు కడిగానుగా, ఇంకేం కావాలి?" అని నన్నే నిలదీశాడు. ఇక్కడ గుర్రాల దొంగని చెట్టుకి వేలాడదీస్తారు, కానీ వాడు పేర్చిన కట్టెలు చూసి మావాళ్లు జైలుతో సరిపెట్టారు.

ముల్లంగి విత్తనాలు, నల్ల దారం పంపు. నాన్న మోకాలు ఎలా ఉంది? చెల్లికి ముద్దులు. నా పెళ్లి సంగతి ఎన్నిసార్లు అడుగుతావే? ఈ చుట్టుపక్కల తిన్న పళ్లెం కడిగే మగాడు ఒక్కడే కనిపించాడు, వాడు జైల్లో ఉన్నాడు.

నీ థర్జా