ఎనభై మూడో పేజీలోని వీధి

మార్చి 14, మధ్యాహ్నం
షాపు నుంచి

మాస్టారికి శిష్యురాలి నమస్కారాలు.

మీరు కులాసాయే కదా అని రాయబోతే కలం ఆగిపోయింది. మనిషి ఉన్నారో లేదో తెలియకుండా కులాసా ఎలా అడగాలో నాకు తోచడం లేదు. ముప్పై ఏళ్ళ తర్వాత రాస్తున్న ఉత్తరం ఇలా మొదలైనందుకు మన్నించండి.

ముందు నా సంగతి. జనాభా మీద పండితులు రాసిన పాత పుస్తకాలను పేజీ పేజీ ఫొటో తీసి, మళ్ళీ అచ్చేసి అమ్ముతున్నాను. జనం పెరిగినట్టు పాఠకులు పెరగరే అని మా ఆయన వెక్కిరిస్తారు. అయినా కాలేజీలు కొంటున్నాయి. వాళ్ళు అడిగారనే ఈ ఏడు మీ పుస్తకం వేశాను. నేను ఇల్లిల్లూ తిరిగి మనుషుల్ని లెక్కపెట్టుకొస్తే మీరు రాసిన పుస్తకం! మా వ్యాపారంలో ఒక చెడ్డ అలవాటుంది: పుస్తకం పాతదైతే రచయిత పోయినట్టే లెక్క. పైగా మీరు పోయారని ఎవరో అనగా విన్నాను. అందుకే ముందుమాటలో మీ పేరుకు 'కీర్తిశేషులు' తగిలించి, రెండు పేజీలు ఏడ్చాను కూడా.

మొదటి వంద కాపీలు వెళ్ళాక నిన్న ఒక కవరొచ్చింది. లోపల తప్పొప్పుల పట్టిక. రాత మీదే, అది చదవలేక ఎన్ని చివాట్లు తిన్నానో! కానీ కవరు మీద అడ్రసు ఇంకెవరో రాశారు. పట్టికకు తేదీ లేదు. కొత్త అచ్చు చూసి రాశారా? పాత అచ్చుకు ఎప్పుడో రాసిపెట్టుకున్నది మీ అమ్మాయి పంపిందా? ఫొటో అచ్చు కదా, రెండింట్లోనూ పేజీ నంబర్లు ఒకటే. కొత్త అచ్చు చూసి ఉంటే, ముందుమాటలోని మీ చావు తప్పని కూడా పట్టికలో వెయ్యాలి కదా, దాని ఊసే లేదు. ఎంత ఆలోచించినా తల తిరగడమే తప్ప ఏమీ తేలడం లేదు.

పట్టికలో ఉన్నదల్లా ఒకటే. ఎనభై మూడో పేజీలో చివరి వీధి తీసెయ్యాలట: నలభై ఇళ్ళు, రెండువందల పన్నెండు మంది. ఎందుకు తీసెయ్యాలి మాస్టారూ? ఆ వీధి గడపగడపా నేనే తిరిగాను. కాళ్ళు వాచిపోయాయి కూడా.

మిగతా రెండు వందల కాపీలు ముందేసుకుని బైండింగ్ మేస్త్రి కూర్చున్నాడు. ముందుమాట కుట్టమంటావా చింపమంటావా తేల్చమ్మా అంటాడు. పోయినాయన పోయాడో లేదో ఒక్క ఫోను చేసి కనుక్కోడానికి ఇంత ఆలోచనేంటి అని కూడా అన్నాడు. నిజమే. మీ అమ్మాయి నంబరు నా దగ్గరుంది. రెండుసార్లు నొక్కి పెట్టేశాను. ఈ ఉత్తరం మాత్రం మీ పాత అడ్రసుకు పంపుతున్నాను.

ఉన్నచోటి నుంచే ఆశీర్వదించమని కోరుతూ,
మీ లెక్కలపిల్ల

తా.క.: మీరు పోయారని నాకెవరూ చెప్పలేదు. ఆ వీధికి నేను వెళ్ళనూ లేదు. ఆ రోజు ఒకటే వాన. టీకొట్టులో కూర్చుని నలభై ఇళ్ళూ నేనే నింపేశాను, పిల్లల వయసులతో సహా. తర్వాత మీరు ఆ వీధి గురించి ఒక్కసారి అడిగారు. అంతే, మీకు నా మీద నమ్మకం లేదని రుసరుసలాడి పని మానేశాను. ఇప్పుడు మీరుంటే పుస్తకానికి అనుమతి అడగాలి. మీ ముందుకొస్తే ఇది చెప్పాలి. ఆ భయంతో, లేని రెండువందల పన్నెండు మందిని పుట్టించినదాన్ని, ఉన్నారో లేదో కనుక్కోకుండానే మిమ్మల్ని చంపేశాను. ముందుమాట చింపమని మేస్త్రికి చెప్పేశాను. ఇది పోస్టులో వేసి మీ అమ్మాయికి ఫోను చేస్తాను. ఎత్తేది మీరే అయితే బాగుండును, తిట్టినా సరే.